నూగు పట్టిన ఊపిరి

మాది తిరువూరు. నేను బొంతలు కుట్టి బతుకుతాను. రెండేళ్ల కిందట దసరాకు మొదలైన దగ్గు, సంక్రాంతి ముందు నన్ను ఆసుపత్రి మంచం ఎక్కించింది. ఒక రాత్రి నాకు ఊపిరి అందలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను. పని మానలేదు. మందు కూడా మానలేదు.

మన ఊళ్లలో ఇంట్లోనే మిషను పెట్టుకుని కుట్టుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. గుడ్డ నుంచి రాలే నూగును ఊడ్చి పారేస్తాం. దాని గురించి మళ్లీ ఆలోచించం. నాకు జరిగింది మీలో ఎవరికైనా జరగొచ్చు. అప్పుడు ఏం గమనించాలో, డాక్టరుకు ఏం చెప్పాలో ముందే తెలిసి ఉంటే మంచిది. అందుకే రాస్తున్నాను.

బొంత కింద బొచ్చుగుడ్డ

మా అమ్మ చేత్తో బొంతలు కుట్టేది. పాత నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో చిరిగిన పంచెలు వేసి, అంచులు మడిచి, పెద్ద సూదితో వరసగా కుట్టుకుంటూ పోయేది. అన్నీ ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్టలే. నేను మిషను మీద కుట్టడం నేర్చుకున్నాను. మొదట్లో బారసాలలకు పసిపిల్లల బొంతలు కుట్టేదాన్ని. తర్వాత కల్లూరు నుంచి, సత్తుపల్లి నుంచి కూడా అడగడం మొదలుపెట్టారు.

కొన్నేళ్లుగా వేరే రకం పని వస్తోంది. పోయిన అమ్మ చీరలో, నాయనమ్మ చీరలో తెచ్చి ఇస్తారు. వాటితో బొంత చేసిపెట్టమంటారు. హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో పట్టుకెళ్తారు. వాళ్లు కోరేది దాదాపు ఒకటే. పైన అమ్మ చీర కనపడాలి. అడుగున ఒంటికి తగిలే వైపు మెత్తగా, వెచ్చగా ఉండాలి. అందుకు అస్తరుగా బొచ్చుగుడ్డ వేయాలి. కొట్లో దాన్ని మింక్ అంటారు, ఫర్ అంటారు, ఒక్కోసారి వెల్వెట్ అనే అంటారు. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత నుంచి తెచ్చుకునేదాన్ని. పాలిస్టరు గుడ్డ. పట్టుకుంటే ఎంతో హాయిగా ఉంటుంది.

కుట్టేవాళ్లకు మాత్రం అది కష్టమైన గుడ్డ. పల్చటి అల్లిక మీద సన్నటి పోగులు నిలబడి ఉంటాయి. కత్తెర పడిన చోట ఆ పోగులు తెగి రాలతాయి. అంచు మూసేదాకా రాలుతూనే ఉంటాయి. పైగా జారుతుంది. పైనున్న నూలు చీర కదలదు, అడుగున బొచ్చుగుడ్డ జరిగిపోతుంది. టాకాలు దగ్గర దగ్గరగా వేయాలి. ముడత పడితే విప్పి మళ్లీ కుట్టాలి. విప్పిన ప్రతిసారీ మరికాస్త నూగు లేస్తుంది. షటిల్ చుట్టూ పేరుకుంటుంది. మిషను పళ్ల మధ్య ఉండ కడుతుంది. కనురెప్పల మీద వాలుతుంది.

నేను కుట్టేది వెనక గదిలో. ఒకటే కిటికీ. నూగు వంటింట్లోకి పోకుండా తలుపు దగ్గరగా వేసేదాన్ని. ఉక్కకు ఫ్యాను వేసుకునేదాన్ని. అక్టోబరు నుంచి జనవరి దాకా పని ఎక్కువ. చలికి అడిగేవాళ్లు, సెలవులకు అమెరికా నుంచి వచ్చి వెళ్లేవాళ్లు, అందరూ ఆ నెలల్లోనే.

దసరా నుంచి కార్తీకం దాకా

దసరా పండగ వారంలో ముక్కు కారడం మొదలైంది. కళ్లు దురద. రొంప అనుకున్నాను. తుమ్ములు వరసగా వచ్చేవి. మిరియాల పాలు తాగాను. ఆవిరి పట్టాను. సాయంత్రానికి తగ్గేది. మర్నాడు పనిలో కూర్చోగానే మళ్లీ వచ్చేది.

దీపావళి నాటికి దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. పగలు ఓర్చుకోగలిగేదాన్ని. రాత్రి పడుకున్నాక, తెల్లవారుజామున మరీ ఎక్కువ. లేచి కూర్చుంటే గానీ ఆగేది కాదు. మా అత్తయ్య పక్క గదిలోంచి "అమ్మాయ్, ఇంకా పడుకోలేదా" అనేవారు. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేదాన్ని. మా ఆయన లారీ డ్రైవరు. నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటారు. ఫోను చేసినప్పుడు దగ్గు వినపడకుండా తొందరగా పెట్టేసేదాన్ని.

దగ్గరలో ఉన్న ఒక ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాను. ఇంజెక్షను చేశారు, మాత్రలిచ్చారు. కొన్నాళ్లు బాగుంది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్లాను.

కార్తీకంలో ఆశా కార్యకర్త ఏదో పని మీద మా వీధికి వచ్చింది. గుమ్మంలో నిలబడి నా దగ్గు విన్నది. లోపలికి వచ్చి, అత్తయ్య వినకుండా, ఎన్నాళ్లుగా అని అడిగింది. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా తెమడ పరీక్ష చేయించాలని చెప్పింది. టీబీ అనే మాట ఆమె నెమ్మదిగానే అన్నది. నాకు మాత్రం కాళ్లలో బలం పోయింది.

ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నా కంచం, నా గ్లాసు వేరు పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు. నేనే పెట్టుకున్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. దాని పక్కన పడుకోవడం మానేశాను. ఎందుకని అడిగితే ఉక్కగా ఉందన్నాను. చలికాలంలో ఆ మాట అది నమ్మలేదు. గుళ్లో దీపం పెట్టడానికి వెళ్లి దగ్గు వస్తే పక్కనున్నావిడ కొంచెం జరిగింది. ఆ తర్వాత గుడికి వెళ్లలేదు.

తెమడలో టీబీ లేదని వచ్చింది. ఎక్స్‌రే కూడా బాగానే ఉందన్నారు. ఆ సాయంత్రం చాలా ఏడ్చాను. టీబీ కాకపోతే ఈ దగ్గు ఏమిటి అని అడగాలని మాత్రం నాకు తోచలేదు. గండం గడిచిందనిపించింది.

ఒక విషయం ఇప్పుడు అర్థమవుతోంది. ఆ మధ్యలోనే కల్లూరు దగ్గర మా పుట్టింటికి వెళ్లి కొన్నాళ్లు ఉన్నాను. అక్కడ దగ్గు తగ్గింది. రాత్రి నిద్ర పట్టింది. అమ్మ చేతి చారు వల్ల అనుకున్నాం. కార్తీక వనభోజనాలకు మామిడి తోటకు వెళ్లిన రోజు కూడా ఒక్క దగ్గు రాలేదు. తిరిగొచ్చి వెనక గదిలో కూర్చున్నాను. రాత్రికి మళ్లీ మొదలైంది.

ధనుర్మాసంలో ఆ రాత్రి

డిసెంబరు చివరికి ఛాతీ బిగపట్టడం మొదలైంది. బిందె ఎత్తితే ఆయాసం. ఊపిరి వదిలేటప్పుడు లోపలి నుంచి ఈల లాంటి చప్పుడు. మొదటిసారి విన్నప్పుడు బయట ఎవరో అనుకున్నాను. తర్వాత తెలిసింది అది నాలోంచే వస్తోందని.

భోగికి ముందు వారం. ఒక పెద్ద బొంత ఇవ్వాలి. పండగ కాగానే విమానం ఎక్కేవాళ్లది. వాళ్లమ్మ చీరలు ట్రంకు పెట్టెలో ఏళ్ల తరబడి కలరా ఉండలతో ఉన్నాయి. పెట్టె మూత తీసిన దగ్గర్నుంచి గొంతు మండుతూనే ఉంది. అడుగున లేత గులాబీ రంగు బొచ్చుగుడ్డ. పొద్దుపోయేదాకా కోశాను. అంచులు మూయలేదు, మర్నాడు మూద్దామని పక్కన పెట్టాను.

రాత్రి అన్నం తినలేకపోయాను. పడుకుంటే ఊపిరి అందడం లేదు. కూర్చున్నాను. కూర్చున్నా అందడం లేదు. నిలబడి కిటికీ ఊచలు పట్టుకున్నాను. తడిగుడ్డ ముక్కు మీద కప్పి పీల్చినట్టుంది. బయట మంచు. లోపల చెమట.

మా అమ్మాయి లేచింది. ఏమైందమ్మా అంది. "నీళ్లు" అనగలిగాను. "నీళ్లు ఇవ్వు" అనలేకపోయాను. రెండో మాటకు ఊపిరి లేదు.

భయం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. నేను ధైర్యంగా లేను. మా అమ్మాయి చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకున్నాను. వదలమన్నా వదల్లేదు. ఫోను చేయడానికి కూడా దాన్ని కదలనివ్వలేదు. అత్తయ్య వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీశారు. అప్పుడు అది పక్కింటికి పరిగెత్తింది. పక్కింటి వదిన 108కి ఫోను చేసింది. చీర కూడా సరిచేసుకోకుండా వచ్చి నా వెనక కూర్చుని, నన్ను తన ఒంటికి ఆనించుకుంది. "వదినా, నన్ను చూడు, వదులు, ఊపిరి వదులు" అంటూనే ఉంది. నేను పీల్చడానికే పెనుగులాడుతున్నాను. వదలడం కుదరకే లోపలికి గాలి పోవడం లేదని తర్వాత డాక్టరు చెప్పారు. ఆమె అది తెలిసి చెప్పిందో లేదో గానీ, సరైన మాటే చెప్పింది.

అంబులెన్సులో వచ్చిన అబ్బాయి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే క్లిప్పు వేలికి పెట్టాడు. 87 అని పక్కవాడితో అన్నాడు. ఆక్సిజన్ పెట్టాడు. మందు పొగలా వచ్చే మాస్కు పెట్టాడు. ఊళ్లోనే ప్రభుత్వాసుపత్రిలో ఇంజెక్షను చేసి, కాస్త తేరుకున్నాక విజయవాడ తీసుకెళ్లమన్నారు. ఏ.కొండూరు అడ్డరోడ్డు, మైలవరం, ఇబ్రహీంపట్నం. 70 కిలోమీటర్ల పైన దారి. ఎన్నోసార్లు గుడ్డ కోసం వెళ్లిన దారే. ఆ రాత్రి ప్రతి ఊరు దగ్గరా ఇక్కడి దాకా బతికున్నాను అనుకున్నాను. దేవుణ్ణి తలుచుకోలేదు. డ్వాక్రా వాయిదా బాకీ ఉందని, అది అమ్మాయి మీద పడుతుందని తలుచుకున్నాను.

దారిలో నా చీర తడిసిపోయింది. నాకు తెలియకుండానే జరిగింది. ఆసుపత్రిలో దిగాక మా అమ్మాయి తెర చాటున నాకు చీర మార్చింది. నేను దాని మొహం చూడలేకపోయాను. అది ఏమీ అనలేదు. చిన్నప్పుడు నేను దానికి మార్చినట్టే మార్చింది.

ఆసుపత్రిలో

మొదటి రోజు నాకు పెద్దగా గుర్తు లేదు. మాస్కు తీయొద్దని బతిమాలాను. నర్సు మాస్కు మార్చడానికి తీస్తే చెయ్యి పట్టుకున్నాను. నిద్రపోతే ఊపిరి ఆగిపోతుందని కళ్లు మూయలేదు.

రెండో రోజు పొద్దున్నే నర్సమ్మ నా జుట్టు వెనక్కి కట్టింది. చెవి వెనక వేలితో తీసి చూసింది. లేత గులాబీ నూగు. ముడిలో కూడా ఉంది. "ఏమిటమ్మా ఇది" అంది. చెప్పాను. ఆమె ఆ మాట రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుకు చెప్పింది. అప్పటిదాకా దగ్గు ఎన్నాళ్లు, జ్వరముందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు. ఆ రోజు డాక్టరు మంచం పక్కన కూర్చుని అడిగిన ప్రశ్నలు వేరు. నువ్వు ఏం పని చేస్తావు? ఏ గదిలో? పని మానేసిన రోజు ఊపిరి ఎలా ఉంటుంది? వేరే ఊరు వెళ్తే ఎలా ఉంటుంది?

కల్లూరు గుర్తొచ్చింది. మామిడి తోట గుర్తొచ్చింది. చెప్పాను. ఆయన తల ఊపి రాసుకున్నారు.

రోగిని నీ పనేమిటని అడిగి తీరాలని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లో వేసిన పుస్తకంలోనే వైద్యులకు చెప్పాడట. నార చిక్కుతీసే పనివాళ్ల దగ్గు గురించి అందులో రాశాడట. ఇది డాక్టరుగారు తర్వాత చెప్పారు. మూడు వందల ఏళ్ల నాటి ప్రశ్న నా దాకా రావడానికి నా చెవి వెనక నూగు కనపడాల్సి వచ్చింది.

మూడో రోజుకు మాస్కు తీశారు. పూర్తి వాక్యం మాట్లాడగలిగాను. మా ఆయన లారీని ఎక్కడో వదిలేసి వచ్చారు. ఆయన్ను చూసి, "ఏమండీ, బొంత పూర్తి కాలేదు" అన్నాను. నా మొదటి మాట అదే. ఆయన ఏడవడం అప్పుడు చూశాను.

జబ్బు పేరు

ఇంటికి పంపాక కొన్ని వారాలకు ఊదే పరీక్ష చేశారు. గొట్టంలోకి గట్టిగా ఊదాలి. తర్వాత మందు పీల్పించి, కాసేపు ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో వదిలిన గాలి మందు తర్వాత 12 శాతం, 200 మిల్లీలీటర్లు మించి పెరిగితే ఆస్తమా అని అనుమానిస్తారు. నాకు అంతకన్నా ఎక్కువే పెరిగింది. స్కానింగు కూడా తీశారు. ఊపిరితిత్తుల్లో మచ్చలేమీ లేవు.

స్కానింగు ఎందుకో డాక్టరు వివరించారు. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో నైలాన్ నూగును గుడ్డకు అంటించి మఖమలు లాంటి బట్ట చేసే ఫ్యాక్టరీ ఉండేది. 1990లలో అక్కడి పనివాళ్లకు దగ్గు, ఆయాసం మొదలై ఊపిరితిత్తులే దెబ్బతిన్నాయి. డేవిడ్ కెర్న్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు దాన్ని పరిశోధించి 1998లో వైద్య పత్రికలో ప్రకటించారు. ఫ్లాక్ వర్కర్స్ లంగ్ అని దానికి పేరు. నాది అది కాదు. వాళ్లు ఫ్యాక్టరీలో పీల్చిన నూగు వేరు, నేను ఇంట్లో పీల్చింది వేరు. అయినా అది లేదని చూసి తేల్చుకోవడం మంచిదన్నారు. పత్తి మిల్లుల్లో, జిన్నింగుల్లో పనిచేసేవాళ్లకు వచ్చే బిసినోసిస్ గురించి కూడా చెప్పారు. దానికి ఒక గుర్తుంది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి వెళ్లగానే ఛాతీ పట్టేస్తుంది.

నాకున్నది ఆస్తమా. పని వల్ల ముదిరింది. కంటికి కనపడే నూగు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుందట. దురద, తుమ్ము, దగ్గు అందువల్ల. సుమారుగా 10 మైక్రాన్లకన్నా చిన్న రేణువులు ఇంకా లోపలికి పోతాయి. మన వెంట్రుక మందం సగటున సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. కాబట్టి అవి మనకు కనపడవు. గుడ్డ నూగు ఒక్కటే కాదని కూడా ఆయన చెప్పారు. పాత చీరల్లో ఏళ్ల నాటి దుమ్ము ఉంటుంది. అందులో కంటికి కనపడని పురుగులుంటాయి. కలరా ఉండల ఘాటు కూడా ఊపిరిగొట్టాలను బిగించగలదు. ఒకదాని మీద ఒకటి కలిసి పడ్డాయి.

పేరు తెలిశాక భయం తగ్గుతుందనుకున్నాను. మొదట్లో తగ్గలేదు.

ఇంటికొచ్చాక

చాలా రాత్రులు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాను. మందు పీల్చే పఫ్ దిండు కింద ఉందో లేదో తడిమి చూసుకునేదాన్ని. అమ్మాయి కాలేజీకి వెళ్తే, ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వస్తే, గుమ్మంలో కూర్చునేదాన్ని. ఎవరైనా చూసే చోట ఉండాలనిపించేది. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టేదాన్ని కాదు. పెద్దదాన్ని, ఇంటి ఖర్చులో సగం మోసేదాన్ని. అత్తయ్య తలుపు బయట నిలబడితే గానీ స్నానం చేయలేకపోయాను.

పఫ్ వాడటం సిగ్గనిపించింది. నలుగురిలో ఉంటే పెరట్లోకి వెళ్లి పీల్చేదాన్ని. అలవాటు పడితే మానలేవు అన్నవాళ్లున్నారు. అది చివరి మందు, ముదిరినవాళ్లకే ఇస్తారు అన్నవాళ్లున్నారు. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేప మందు వేయించుకో, అప్పటిదాకా ఇవి మానెయ్ అని ఒక బంధువు చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. మృగశిర జూన్‌లో వస్తుంది. అప్పుడు జనవరి. నేను ఆ రాత్రిని ఇంకోసారి భరించలేను. మందు మానలేదు.

డాక్టరు చెప్పింది మీకూ చెప్తాను. ఆయాసం వచ్చినప్పుడు గొట్టాలను తెరిచే మందు ఒకటి. లోపలి వాపును తగ్గించే మందు ఇంకొకటి. అప్పటికప్పుడు తేలిక చేసే మందు ఒక్కదాన్నే పీలుస్తూ పోతే లోపల వాపు అలాగే ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి ముంచుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు అది ఒక్కటే వాడుతూ ఉండకూడదని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు కూడా 2019 నుంచి చెప్తున్నాయి. మందు పీల్చాక నోరు పుక్కిలించాలి. స్పేసర్ అనే గొట్టం పెట్టుకుంటే మందు గొంతులో అతుక్కోకుండా లోపలికి చేరుతుంది. ఎలా పీల్చాలో నర్సు ఎదుట మీరు పీల్చి చూపించి, సరేనని అనిపించుకోండి. నాకు మొదట సగం మందు నోట్లోనే ఆగిపోయేది.

డబ్బు ఖర్చయింది. పని ఆగింది. ఒప్పుకున్న బొంతలు మిగిలాయి. మా డ్వాక్రా సంఘంలో ఆడవాళ్లు ఆ బొంతలను పంచుకున్నారు. వాళ్ల వాకిట్లో, ఆరుబయట పరిచి, ముక్కులకు గుడ్డలు కట్టుకుని కుట్టారు. నా వాయిదా వాళ్లే కట్టారు. అమెరికా వెళ్లాల్సినవాళ్లు పండగకు బొంత అందకపోయినా ఒక్క మాట అనలేదు. తర్వాత పార్సిల్‌లో పంపమని, డబ్బు మాత్రం ముందే ఇచ్చి వెళ్లారు.

మళ్లీ మిషను ముందుకు

మాఘమాసం వెళ్లేదాకా వెనక గదిలోకి పోలేదు. శివరాత్రి తర్వాత ఒకరోజు తలుపు తీశాను. కోసి పెట్టిన గులాబీ గుడ్డ మిగిలిన ముక్క మూలన అలాగే ఉంది. చెయ్యి వణికింది. తలుపు వేసి వచ్చేశాను. మర్నాడు మా అమ్మాయి మాస్కు పెట్టుకుని, ఆ గదంతా తడిగుడ్డతో తుడిచింది. తర్వాతే నేను అడుగు పెట్టాను.

మిషను వసారాలోకి మార్చాం. బొచ్చుగుడ్డ పని తగ్గించాను. నూలు ఫ్లానెల్ వేస్తానని ముందే అడుగుతున్నాను. ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. తప్పదంటే బొచ్చుగుడ్డే వేస్తాను. ఎలాగో చెప్తాను, మీకు పనికొస్తుంది.

గుడ్డను వెనక్కి తిప్పి, బొచ్చు కిందికి ఉండేలా పరుస్తాను. బ్లేడుతో అడుగు అల్లికను మాత్రమే కోస్తాను. బొచ్చు తెగదు, విడిపోతుంది. కత్తెరతో కోసినదానికన్నా రాలేది చాలా తక్కువ. కోయడం ఆరుబయట, గాలి నా వీపు వైపు నుంచి వీచేలా కూర్చుని చేస్తాను. కోసిన వెంటనే అంచుకు ఓవర్‌లాక్ కొట్టిస్తాను. అంచు మూసుకుంటే రాలడం చాలావరకు ఆగిపోతుంది. కోసిన ముక్కలను తెరిచి ఉంచను, సంచిలో కట్టి పెడతాను. మిషను మీద కుట్టు పొడుగు పెంచి, ఫుట్ ఒత్తిడి తగ్గిస్తాను. గుడ్డ జారదు, విప్పి కుట్టే పని ఉండదు. ఫ్యాను గుడ్డ మీదికి పెట్టను. చీపురుతో ఊడ్వను, తడిగుడ్డతోనే తుడుస్తాను. షటిల్‌లో నూగును నోటితో ఊదను, బ్రష్‌తో తీస్తాను. ఎన్95 మాస్కు ముక్కు దగ్గర గట్టిగా నొక్కి పెట్టుకుంటాను. మామూలు గుడ్డ మాస్కు పక్కల నుంచి సన్నటి దుమ్మును రానిస్తుంది. పాత చీరలు ఎవరిచ్చినా ముందు వాళ్ల చేతే వేడినీళ్లలో తడిపించి, ఉతికించి, ఎండలో ఆరేయించి తెమ్మంటాను. నూలు ముందే ముడుచుకుంటుంది కాబట్టి బొంతకూ మంచిదే. పట్టుచీరలైతే వేడినీళ్లు పనికిరావు. దులిపి, రెండు రోజులు గాలికి, నీడన ఆరేసి తెమ్మంటాను. పని కాగానే ఆ చీర మార్చుకుని, తల దువ్వుకుని లోపలికి వెళ్తాను.

ఇవన్నీ చేసినా కొన్ని సాయంత్రాలు ఛాతీ పట్టేస్తుంది. ఆ రోజు అక్కడితో ఆపేస్తాను. రేపటికి ఇస్తానన్నది ఎల్లుండికి ఇస్తాను.

నేను రుణపడినవాళ్లు

గుమ్మంలో దగ్గు విని ఆగిన ఆశా కార్యకర్తకు. నన్ను ఒంటికి ఆనించుకుని ఊపిరి వదలమన్న పక్కింటి వదినకు. దారి పొడుగునా నా వేలి మీది అంకె చూస్తూ కూర్చున్న 108 అబ్బాయికి. చెవి వెనక నూగు చూసి ఊరుకోని నర్సమ్మకు. కూర్చుని అడిగిన డాక్టరుకు. స్నానాల గది బయట నిలబడ్డ అత్తయ్యకు. నా బొంతలు పూర్తి చేసి, నా వాయిదా కట్టిన సంఘం ఆడవాళ్లకు. చదువుకునే నెలల్లో నా చీర మార్చి, నా గది తుడిచిన మా అమ్మాయికి. నేను ఒక్కదాన్నే ఈ గండం గట్టెక్కలేదు. ఆ సంగతి చెప్పడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు.

మీకు చెప్పేది

దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోండి. టీబీ అయితే మందులున్నాయి. కాకపోతే అక్కడితో లేచి రాకండి, మరేమిటని అడగండి. ఊదే పరీక్ష ఎక్కడ చేస్తారో అడగండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, పెదాలు నీలం తిరిగితే, పఫ్ పీల్చినా తేలిక కాకపోతే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. పక్కింటివాళ్లను లేపండి.

అన్నిటికన్నా ముందు చేయగలిగింది ఇంకొకటి ఉంది. పీక్ ఫ్లో మీటరని చేతిలో పట్టే గొట్టం మందుల షాపులో అడిగితే తెప్పిస్తారు. గట్టిగా ఊదితే అంకె చూపిస్తుంది. పని చేసిన రోజులూ మానేసిన రోజులూ రోజుకు నాలుగుసార్లు ఊది, ఒక నోటుబుక్కులో రాయండి. ఆ రోజు ఏ గుడ్డ కోశారో పక్కనే రాయండి. గొట్టం దొరక్కపోతే రాత్రి దగ్గు వచ్చిందా లేదా అన్నదైనా రాయండి. కొన్ని వారాలకు మీ పనికీ మీ ఊపిరికీ సంబంధం ఉందో లేదో ఆ కాగితం మీదే కనపడుతుంది. డాక్టరు మీ పనేమిటని అడిగినా అడక్కపోయినా దాన్ని ఆయన ముందు పెట్టండి.